ఒకటి నుంచి మూడో తరగతి దాకా: చదివే అలవాటుకు ఏ దారి ముందు, ఏది తర్వాత

"అన్నా, పుస్తకాలిస్తే పిల్లలు బొమ్మలు చూసి పక్కన పడేస్తున్నరు. నిశ్శబ్దంగా చదివించాల్నా, నేనే చదివి వినిపించాల్నా?" జూన్ 12న బడులు తెరిచిన పదిరోజులకల్లా ఇలాంటి ఫోను ఒకటన్నా వస్తుంది. ఈ ఏడు మూడొచ్చాయి. ముగ్గురూ కొత్తగా చేరిన ఎస్జీటీలే, అంటే చిన్న తరగతులకు చెప్పే టీచర్లు. ఒకరిది నారాయణపేట వైపు, ఒకరిది అచ్చంపేట దగ్గర, ఇంకొకరిది మా దేవరకొండ అవతలి తండా. ముగ్గురికీ ఫోన్లో ముక్కలుముక్కలుగా చెప్పినదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందు నా తరగతి సంగతి చెప్పాలి. మాది తండా బడి. ఒకటి, రెండు, మూడు తరగతులు ఒకే గదిలో నా దగ్గర కూర్చుంటాయి. నాలుగు, ఐదు పక్క గదిలో హెచ్ఎం మేడం దగ్గర. పిల్లల్లో ఎక్కువమందికి ఇంటిమాట గోర్ బోలి, అంటే లంబాడీ భాష, తెలుగు బడికొచ్చాకే. అరవై మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు అని విద్యాహక్కు చట్టంలోనే ఉంది కాబట్టి, మన నల్లగొండ, పాలమూరు ఊళ్ళలో చాలా బడుల తీరు ఇంతే. తరగతికొక టీచరున్న పట్నం బడులకు నా సలహా కొంచెం మారుతుంది. అది వచ్చినచోట చెబుతాను.

నిశ్శబ్దమా, జతనా, చదివి వినిపించడమా

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఇక్కడ తొందరపడితే తర్వాత ఎన్ని పుస్తకాలు తెచ్చినా లాభం ఉండదు.

నిశ్శబ్దంగా ఎవరి పుస్తకం వాళ్ళు చదువుకోవడం చూడటానికి ముచ్చటగా ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్ళు మెచ్చుకుంటారు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి రెండేళ్ళు రోజూ పావుగంట అదే చేయించాను. మూడో తరగతిలో చదవగలిగిన నలుగురు చదివారు. మిగతావాళ్ళు పేజీలు తిప్పారు. ఒక పిల్లవాడు నెలరోజులు ఒకే పుస్తకం పట్టుకున్నాడు. ఇష్టం కాబోలు అనుకుని సంతోషపడ్డాను. ఒకరోజు పక్కన కూర్చుని చదవమంటే తెలిసింది, వాడికి ఒత్తులు రావు. ఆ పుస్తకంలో బొమ్మలు బాగున్నాయని పట్టుకున్నాడంతే. నిశ్శబ్దంలో చదవలేని పిల్లవాడు మన కళ్ళముందే దాక్కోగలడు. ఆ నెలరోజులు వాడికి నేను బాకీ పడ్డాననే ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాత తెలిసిందేమిటంటే, ఈ చిక్కు నా ఒక్కడిదే కాదు. అమెరికాలో జాతీయ పఠన కమిటీ ఒకటి అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ వడపోసి 2000లో నివేదిక ఇచ్చింది. పిల్లలకు ఊరికే నిశ్శబ్దంగా చదువుకునే సమయం ఇస్తే ధారాళంగా చదవడం వస్తుందనడానికి చాలినంత ఆధారం దానికి దొరకలేదు. పక్కన ఒకరు వింటూ, తప్పు దిద్దుతూ, అదే పాఠాన్ని పైకి మళ్ళీమళ్ళీ చదివిస్తే మాత్రం లాభం స్పష్టంగా కనబడింది. నిశ్శబ్ద పఠనం చెడ్డదని ఆ కమిటీ అనలేదు, నేనూ అనను. దానికి సమయం రావాలంటాను.

జతగా చదవడం అంటే ఇద్దరికి ఒక పుస్తకం. ఒకరు చదువుతుంటే రెండోవారు వేలు పెట్టి వెంబడించాలి, ఆగితే అందించాలి, తర్వాత పేజీ మార్చుకోవాలి. గది సంత లెక్క అవుతుంది, అది నిజమే. పక్కగది మేడం మొదట్లో రెండుసార్లు తలుపు దాకా వచ్చి చూసిపోయారు. కానీ ఆ చప్పుడు మధ్య నడుస్తూ ఉంటే ఎవరు ఏ అక్షరం దగ్గర ఆగుతున్నారో చెవిన పడుతుంది. నిశ్శబ్దంలో అది కుదరదు.

సమాన స్థాయి పిల్లల్ని జత చెయ్యాలా, పెద్దాచిన్నా కలపాలా అని అందరూ అడుగుతారు. బహుళతరగతి గదిలో పెద్దాచిన్నా కలపడమే నాకు నచ్చింది, దానికొక కారణం ఉంది. మూడో తరగతిలో వెనకబడ్డ పిల్లకు ఒకటో తరగతి పుస్తకం ఇస్తే చిన్నబోతుంది, తోటివాళ్ళు నవ్వుతారు. అదే పుస్తకాన్ని "చిన్నదానికి నువ్వు చదివి చెప్పు" అంటే తలెత్తుకుని చదువుతుంది. తనకు కావాల్సిన సాధన తనకు దొరుకుతుంది, మర్యాద పోదు. బాగా చదివేవాళ్ళను మాత్రం ఏడాదంతా చిన్నవాళ్ళకే అంటగట్టొద్దు, వాళ్ళ చదువు అక్కడే ఆగుతుంది. వారంలో రెండు రోజులన్నా వాళ్ళను ఒకరితో ఒకరిని కూర్చోబెట్టాలి.

ఇక టీచరు చదివి వినిపించడం. దీన్ని మిగతావాటితో పోల్చి వదిలెయ్యదగ్గదిగా చూడొద్దు, ఏ దారి ఎంచుకున్నా రోజూ పది నిమిషాలు ఇది ఉండాల్సిందే. ఇంట్లో తెలుగు లేని పిల్లలకు చెవి తయారయ్యేది ఇక్కడే. నేను ఈ తండాకు వచ్చిన మొదటి వారం, ముందురోజు బడికి రాని ఒకటో తరగతి పాపను "నిన్న యాడికి పోయినవ్?" అని అడిగాను. ఆ పాప కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని "యాడి... హైదరాబాద్" అంది. గోర్ బోలిలో యాడి అంటే అమ్మ. అమ్మ పనికి పోయి నెలైంది. నేను అడిగిందొకటి, ఆ పాపకు వినబడింది ఇంకొకటి. ఆ రోజునుంచి కథ చదివేటప్పుడు కొత్త మాట వచ్చిన ప్రతిచోటా ఆగి, "మీ మాటలో దీన్నేమంటరు?" అని అడుగుతున్నాను. పిల్లలు చెబుతారు, నేను నేర్చుకుంటాను, కథ నిదానంగా సాగుతుంది. సాగనివ్వండి.

నా లెక్క ఇది: జూన్ నుంచి దసరా దాకా చదివి వినిపించడం, జతగా చదవడం. దసరా సెలవుల తర్వాత మూడు నిమిషాల నిశ్శబ్ద పఠనంతో మొదలుపెట్టి రెండుమూడు వారాలకో నిమిషం పెంచడం. పిల్లలు కదలడం మొదలుపెట్టగానే ఆపెయ్యాలి, కోప్పడకూడదు. ఆ రోజుకు వాళ్ళ ఓపిక అంత. సంక్రాంతికి ఎనిమిది నిమిషాలు, మార్చికి పన్నెండు నిమిషాలు వస్తే చాలా బాగా వచ్చినట్టు. తరగతికొక టీచరుండి, ఇంట్లో పేపరో పుస్తకమో కనిపించే పట్నం పిల్లలైతే ఆగస్టులోనే నిశ్శబ్దం మొదలుపెట్టొచ్చు.

చేతికి ఏ పుస్తకం ఇవ్వాలి

పాఠ్యపుస్తకంతోనే చదివే అలవాటు కూడా వస్తుందని ఇంకా నమ్మేవాళ్ళున్నారు. రాదు. అది అందరికీ ఒకటే, పైగా దాని వెంట ప్రశ్నలొస్తాయి. అలవాటు కావాలంటే పిల్లలు తామే ఎంచుకునే పుస్తకం ఉండాలి.

కొనదలిస్తే నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల పుస్తకాలు, సికింద్రాబాద్ నుంచి వచ్చే మంచి పుస్తకం వారివి, చెన్నై తూలిక వారి రెండు భాషల బొమ్మల పుస్తకాలు దొరుకుతాయి. డబ్బు లేకపోతే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి. ఎవరైనా ప్రింటు తీసుకోవచ్చు, జిరాక్సు చేసి పంచుకోవచ్చు, లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది.

స్థాయిల విషయంలో ఒక మాట. స్టోరీవీవర్‌లో మొదటి స్థాయి అంటే 250 మాటల లోపు, రెండోది 600 దాకా. మాటల లెక్క తెలుగుకు సగమే సరిపోతుంది, ఎందుకంటే మన పిల్లలు తట్టుకుని పడేది ఒత్తుల దగ్గర. "సూర్యుడు అస్తమించాడు" రెండే మాటలు, ఒకటో తరగతి పిల్లకు కొండ. "మేక ఆకు కొరికింది. మేక నీరు తాగింది. మేక పడుకుంది." ఎనిమిది మాటలు, ఒక్క ఒత్తూ లేదు, నవ్వుతూ చదివేస్తుంది. అందుకే పుస్తకాలు రాగానే వెనక అట్ట మీది స్థాయిని పక్కన పెట్టి, నేనే తిరగేసి మూడు కుప్పలు చేస్తాను: ఒత్తులు దాదాపు లేనివి, అమ్మ, అక్క, పిల్లి లాంటి ద్విత్వాలున్నవి, సంయుక్తాక్షరాలున్నవి. పుస్తకం వీపు మీద పచ్చ, పసుపు, ఎరుపు టేపు ముక్కలు అంటిస్తాను. ఒక సాయంత్రం పని, ఏడాదంతా పనికొస్తుంది. అయితే ఈ రంగులు నా కోసం. "నువ్వు పచ్చ దాటొద్దు" అని పిల్లలతో ఎప్పుడూ అనను. ఎర్ర టేపు పుస్తకం బొమ్మల కోసం కావాలంటే తీసుకోనివ్వాలి, జతలో పెద్దపిల్ల చదివి వినిపిస్తుంది.

రాని మాటకో వేలు ముడిచి, ఐదు వేళ్ళూ ముడుచుకుంటే పుస్తకం కష్టమని వదలమనే పద్ధతి ఒకటుంది. ఇంగ్లీషు పుస్తకాల కోసం పుట్టిన లెక్క అది. మన చిన్న పుస్తకాల్లో పేజీకి పది పన్నెండు మాటలే ఉంటాయి, తెలుగు మాటలు పొడుగ్గా అతుక్కుని వస్తాయి. ఒకటి, రెండు తరగతులకు రెండు వేళ్ళు, మూడో తరగతికి మూడు వేళ్ళు అని మార్చుకున్నాను. సరిపోతోంది.

కొన్న పుస్తకం, దించుకున్న పుస్తకం అని పోల్చాక ఇంకొకటి మిగులుతుంది, నా దృష్టిలో మొదటి మూడు నెలలకు అదే మేలు: పిల్లలు చెప్పగా మనం రాసి కుట్టిన పుస్తకం. రోజుకొకరు పొద్దున ఒక ముచ్చట చెబుతారు, నేను తెల్లకాగితం మడతలో నాలుగు వాక్యాలు పెద్ద అక్షరాలతో రాస్తాను, బొమ్మ వాళ్ళే వేస్తారు, సూదీదారంతో కుడతాం. "మా మేక ఈనింది. రెండు పిల్లలు. ఒకటి నల్లగున్నది. ఒకటి కుంటుతున్నది." ఈ పుస్తకాన్ని మా గదిలో చదవని పిల్ల లేదు. ఆ మేక వాళ్ళందరికీ తెలుసు. రాసిన పిల్ల పేరు అట్ట మీద ఉంటుంది కాబట్టి, చదవడానికి ఇంకొకరు తీసుకున్నప్పుడల్లా ఆ పిల్ల అటే చూస్తుంది.

పిల్ల చెప్పినట్టే రాయాలా, పుస్తకం తెలుగులోకి మార్చి రాయాలా? చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ మీటింగులో దీనిమీద నాతో గట్టిగానే వాదించారు, తప్పు తెలుగు నేర్పుతున్నావని. నేను మాత్రం పిల్ల చెప్పినట్టే రాస్తాను. మొగులైంది అంటే మొగులైంది అనే, దూప అంటే దూప అనే, ఉర్కింది అంటే ఉర్కింది అనే. చదవడం మొదలుపెట్టిన పిల్ల అక్షరాలు కూడబలుక్కుని చివరికి ఒక మాట దగ్గరకు చేరుతుంది. ఆ మాట తన చెవికి ముందే తెలిసినదైతే ముఖం వెలుగుతుంది. "మే... ఘం" అని చదివి అర్థం తెలియక నా వైపు చూస్తే ఆ కూడబలుక్కున్న కష్టానికి ఫలితం ఏదీ? రెండో తరగతి సగం నుంచి అదే పేజీ కింద సన్నగా రెండో మాటా రాస్తాను: మొగులు, మేఘం. దూప, దాహం. పిల్లలు రెండూ నేర్చుకుంటారు, ఒకటి వదులుకోరు. తండా పిల్లలైతే మూడోమాట వాళ్ళే చెప్పి రాయించుకుంటారు.

బీరువానా, తాడా, సంచీనా

ప్రతి బడికీ కథల పుస్తకాలతో సహా గ్రంథాలయం ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే రాసి ఉంది. బడుల కోసం ఉన్న సమగ్ర శిక్ష పథకంలో ప్రాథమిక పాఠశాలకు గ్రంథాలయం కింద 5,000 రూపాయల దాకా గ్రాంటు ఉంది. అంటే పుస్తకాలు చాలా బడుల్లో ఎంతో కొంత ఉన్నాయి, ఇనుప బీరువాలో, తాళం వెనక. చిరిగితే ఎవరు జవాబు చెప్పాలి అన్న భయం నాకు అర్థమవుతుంది. కానీ మన నల్లగొండ గడ్డకు చెందిన రావిచెట్టు రంగారావు 1901లో హైదరాబాదులో తన ఇంట్లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయానికి చోటిచ్చారు. నిజాం కాలంలో తెలుగు పుస్తకం కోసం ఇంటి తలుపు తెరిచిన మనిషి పుట్టిన జిల్లాలో బడి బీరువా తెరవడానికి మనం వెనకాడటం నాకు బాధగా ఉంటుంది.

తాడు అన్నిటికన్నా చౌక. గోడకు రెండు మేకులు, సుత్లీ తాడు, బట్టల క్లిప్పులు. అట్టలు ఎదురుగా కనబడతాయి, బొమ్మ చూసి పిల్లలు ఎంచుకుంటారు. తాడు ఒకటో తరగతి పిల్లల రొమ్ము ఎత్తులో కట్టాలి, మన ఎత్తులో కట్టి ఉపయోగం లేదు. వానాకాలం కిటికీ పక్క గోడ వద్దు, నేను ఒక వరస పుస్తకాలు అట్లాగే పోగొట్టుకున్నాను.

తాడుతో ఒక ఇబ్బంది, చదివే గంట మొదలవగానే అందరూ ఒక్కసారే లేచి అక్కడికి ఉరుకుతారు, ఐదు నిమిషాలు అందులోనే పోతాయి. అందుకే పిల్లకొక గుడ్డసంచీ. సోమవారం తాడు మీదనుంచి మూడు పుస్తకాలు ఎంచి సంచీలో వేసుకుంటారు, వారమంతా అవే. ఒకటి తేలికది, ఒకటి కాస్త కష్టమైంది, ఒకటి ఏదైనా సరే. సంచీ గోడకు పేరున్న మేకుకు తగిలిస్తారు. తాడు, సంచీ రెండూ కలిపితేనే పని నడుస్తుంది. ఒకటే చేయగలమంటే తాడు చెయ్యండి.

చదివిన పుస్తకానికొక స్టారు అంటించే చార్టు గురించి క్లుప్తంగా: పెట్టాను, తీసేశాను. స్టార్ల కోసం అందరూ అన్నిటికన్నా సన్నని పుస్తకాలే తీశారు. చార్టులో అడుగున ఉన్న పిల్లల పేర్లు రోజూ గోడమీద అందరికీ కనబడ్డాయి. దాని బదులు చదివే గంట చివర ఇద్దరు లేచి తమ పుస్తకం గురించి రెండు మాటలు చెబుతారు. ఒకరు మెచ్చిన పుస్తకం మర్నాడు తాడు మీద మిగలదు.

సెల్లు గురించి కూడా అంతే. గూగుల్ వారి రీడ్ అలాంగ్ యాప్ తెలుగులో ఉంది. పిల్ల పైకి చదువుతుంటే విని తప్పొప్పులు చూపిస్తుంది, కథలు దించుకుంటే నెట్టు లేకున్నా నడుస్తుంది. ఇంట్లో ఒక పిల్ల, ఒక సెల్లు ఉన్నచోట మంచిదే, ముఖ్యంగా చదువు రాని తల్లిదండ్రులకు. గోలగా ఉండే గదిలో ఒక్క సెల్లుతో ముప్పైమందికి ఉపయోగం లేదు. బడిలో వద్దు, ఇంటికి చెప్పండి.

గది అందరిదీ అయ్యేదెట్లా

చదవడం రాని పిల్ల తోటివాళ్ళ ముందు నోరు తెరవాలంటే నవ్వరన్న ధైర్యం ఉండాలి. ఈ ధైర్యం లేకుండా పైన చెప్పిన జతలు నడవవు. కాబట్టి జూన్ నెలలో నేను చదువుకన్నా దీనిమీదే ఎక్కువ సమయం పెడతాను.

నియమాలు టీచరు రాసి గోడకు అంటించడం ఒక పద్ధతి, పిల్లలతో కూర్చుని తయారుచేయడం ఇంకొకటి. మొదటిది పది నిమిషాల్లో అయిపోతుంది, రెండోదానికి వారం పడుతుంది. వారం పట్టినా రెండోదే. ప్రార్థన తర్వాత గుండ్రంగా కూర్చుంటాం, నేనూ చాపమీదే. "నిన్న చదివేటప్పుడు ఎవరికి కష్టమైంది? ఎందుకు?" అని అడుగుతాను. మొదటి రెండు రోజులు ఎవరూ మాట్లాడరు. మూడోరోజు ఒకరు "నేను చదువుతుంటే గుంజుకున్నడు సార్" అంటారు. అప్పుడు నియమం వాళ్ళ నోటినుంచే వస్తుంది: పుస్తకం ఇద్దరి మధ్య ఉండాలె. ఇంకోరోజు: ఆగితే మూడు లెక్కపెట్టినాంకనే చెప్పాలె. ఈ రెండోదాన్ని పెట్టింది రెండో తరగతి పిల్ల. ఏ శిక్షణలోనూ నాకు ఎవరూ చెప్పలేదు, ఇంతకన్నా మంచి నియమం నా దగ్గర లేదు.

పనులు పంచే విషయంలో, చురుకైన ఒక్కరినే ఏడాదంతా లీడరుగా ఉంచడం మనకు సులువు. వారం వారం మారిస్తే గందరగోళం ఉంటుంది, అయినా మార్చండి. తాడు సర్దడం, చిరిగిన పేజీకి టేపు వేయడం, బడికి రానివాళ్ళు ఎవరో గుర్తుచేయడం. టేపు వేసే పని అల్లరివాళ్ళకు ఇచ్చి చూడండి, చిరగడం తగ్గుతుంది.

ఇంటికి ఇవ్వాలా, పత్తి ఏరే రోజుల్లో ఏం చెయ్యాలి

ఇవ్వాలి. కొన్ని చిరుగుతాయి, కొన్ని తిరిగి రావు. మొదట పచ్చ టేపువి, జిరాక్సు పుస్తకాలు ఇవ్వండి, మూడు నెలల తర్వాత కొన్నవి కూడా ఇవ్వొచ్చు. తల్లిదండ్రుల సంతకం చేయించుకొచ్చే డైరీ మాత్రం వద్దు. సంతకం రాని నానమ్మ దగ్గర ఉండే పిల్లలు మన దగ్గర ఎంతోమంది, పిల్లనూ నానమ్మనూ చిన్నబుచ్చినట్టవుతుంది. మర్నాడు గుండ్రంలో "నానమ్మకు ఏ బొమ్మ నచ్చింది?" అని అడిగితే చాలు, చదివారో లేదో తెలిసిపోతుంది.

దసరా దాటాక పత్తి ఏరడం మొదలవుతుంది. కొందరు అప్పుడప్పుడు రారు, కొందరు అమ్మానాన్నలతో వలసే పోతారు. జతలో ఒకరు పోతే మిగిలినవారిని ఇంకో జతలో మూడోవారిగా కలపండి, ఒంటరిగా వదలొద్దు. పోయిన పిల్ల సంచీ ఏం చెయ్యాలనేది ఇంకో ప్రశ్న. పుస్తకాలు తక్కువున్న బడిలో తీసి వేరేవాళ్ళకు ఇవ్వడమే సబబని మొదట అనుకున్నాను, ఇచ్చాను కూడా. ఇప్పుడు రెండు పుస్తకాలు తాడుమీదికి తీసి, చదువుతూ వదిలిన ఒక్కదాన్ని సంచీలోనే ఉంచుతాను. మేకు మీద పేరు తీయను.

పోయిన ఏడు దసరాకు పోయిన మూడో తరగతి పిల్ల ఉగాదికి తిరిగొచ్చింది. గుమ్మంలో నిలబడి నన్ను కాక గోడను చూసింది. సంచీ దించుకుని పుస్తకం తెరిస్తే, గుర్తుకోసం పెట్టిన ఆర్టీసీ టికెట్ ముక్క అక్కడే ఉంది. తన జత చాపమీద జరిగి చోటిచ్చింది. ఆ పేజీలో సగం మాటలు ఇప్పుడు రావడం లేదు. "మల్ల మొదటికెల్లి చదువుదమా?" అని జత పిల్లే అడిగింది. టికెట్ ముక్క తీసి చెవిలో పెట్టుకుని, ఇద్దరూ మొదటి పేజీ తిప్పారు.